60 లక్షల హోమ్ లోన్, చేతిలో మూడు ఆఫర్లు: నేనైతే ఏం చేస్తాను

హోమ్ లోన్ గురించి ఒకరు అడిగిన ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. బాచుపల్లిలో ఓసీ (కట్టడం పూర్తయి, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చిన కొత్త ఫ్లాట్ చూశారు, ధర 80 లక్షలు. 20 ఏళ్ళకు 60 లక్షల లోన్ కావాలి. ప్రభుత్వరంగ బ్యాంకు ఒకటి 7.6 శాతం అంటోంది. ఒక ప్రైవేటు బ్యాంకు 7.4కి ఇస్తానంటోంది కానీ 1,90,000 రూపాయల 'లోన్ ప్రొటెక్షన్' ఇన్సూరెన్స్ తీసుకోవాలట, అది కూడా లోన్‌లోనే కలిపేస్తారట. బిల్డర్ ఆఫీసులో టేబుల్ వేసుకుని కూర్చున్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అబ్బాయి 8.25కి మూడు రోజుల్లో శాంక్షన్ చేయిస్తానంటున్నాడు. వీళ్ళ నాన్నగారేమో ఫిక్స్‌డ్ రేటు తీసుకుంటే టెన్షన్ ఉండదంటున్నారు.

నేను ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం హౌసింగ్ లోన్ల ఫైళ్ళతోనే గడిచింది. నా సలహా ముందే చెప్పేస్తాను: 7.6 అన్న బ్యాంకు దగ్గరే ఫైలు పెట్టండి, ప్రైవేటు బ్యాంకు 7.4 కాగితాన్ని చూపించి బేరం ఆడండి. అయితే ఆ బేరం రేటు గురించి కాదు, స్ప్రెడ్ (బ్యాంకు తన వాటాగా కలుపుకునే శాతం) గురించి ఆడాలి. చాలామంది జారిపోయేది ఇక్కడే.

2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మధ్యలో మారే) హోమ్ లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపెట్టాలని ఆర్‌బీఐ రూలు పెట్టింది. దాదాపు అందరూ రెపో రేటునే, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటునే పట్టుకున్నారు. కాబట్టి మీ రేటులో రెండు ముక్కలుంటాయి. ఒకటి రెపో, అది మీ చేతిలోనూ లేదు, బ్యాంకు మేనేజర్ చేతిలోనూ లేదు. 2025 ఫిబ్రవరిలో 6.5 ఉన్నది తగ్గుతూ వచ్చి డిసెంబర్‌కి 5.25 అయింది. ఇక్కడి లెక్కలన్నీ ఆ 5.25 మీదే వేస్తున్నాను, మీరు చదివేనాటికి మారి ఉంటే ఆ తేడా కలుపుకోండి. రెండో ముక్క స్ప్రెడ్. 7.6లోంచి 5.25 తీసేస్తే 2.35. ప్రైవేటు బ్యాంకుది 2.15. రెపో ఇవాళ ఉంటుంది, రేపు మారుతుంది. స్ప్రెడ్ మాత్రం సంతకం పెట్టిన రోజు నుంచీ మీతోనే ఉంటుంది. మీ క్రెడిట్ పరిస్థితి బాగా మారితే తప్ప స్ప్రెడ్‌లో మీ రిస్కు కోసం కలిపే వాటా, అంటే రిస్క్ ప్రీమియం మార్చకూడదు, మిగతా భాగాలను మూడేళ్ళకోసారే పెంచుకోవచ్చన్నది ఆర్‌బీఐ పెట్టిన రూలు. అందుకే శాంక్షన్‌కి ముందు 'రేటెంత' అని అడిగితే సగం జవాబే వస్తుంది. 'రెపో ప్లస్ ఎంత' అని అడగండి.

బ్యాంకులు ఇది చెప్పే తీరు గజిబిజిగా ఉంటుంది. కొన్ని చోట్ల రెపో మీద 2.65 కలిపి దానికో పేరు పెట్టి, మళ్ళీ అందులోంచి డిస్కౌంట్ ఇస్తున్నట్టు రాస్తారు. అప్పుడు మనకేదో తగ్గించారనిపిస్తుంది. ఏ భాషలో రాసినా చివరి రేటులోంచి రెపో తీసేయండి, మిగిలిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అలాగే ఆ డిస్కౌంట్ లోన్ తీరేదాకా ఉంటుందా, మొదటి ఏడాది రెండేళ్ళకేనా అన్నది శాంక్షన్ లెటర్‌లో చూడండి. 'కన్సెషన్ వాలిడ్ అప్‌టు' అని చిన్న లైను కనబడితే ఆగి అడగండి.

ఇప్పుడు ప్రైవేటు బ్యాంకు 7.4 సంగతి. 60 లక్షలకు 20 ఏళ్ళకు 7.6 శాతం మీద ఈఎంఐ 48,703. 7.4 మీద 47,969. నెలకు 734 తక్కువ కనబడుతుంది, బాగానే ఉంది. కానీ ఇన్సూరెన్స్ ప్రీమియం లోన్‌లో కలిపితే మీ అప్పు 61.9 లక్షలవుతుంది, ఈఎంఐ 49,488. అంటే తక్కువ రేటున్న లోన్‌కి నెలనెలా 785 రూపాయలు ఎక్కువ కడతారు. ఆ 1,90,000 ప్రీమియానికే 20 ఏళ్ళలో మీరు కట్టేది 3.64 లక్షలు. మీ చేతికి వచ్చేది 60 లక్షలే కాబట్టి లెక్క తిరగేసి చూస్తే ఇది 7.4 లోన్ కాదు, 7.8 లోన్.

ఈ లెక్క మీరు వేసుకోనక్కర్లేదు కూడా. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ చార్జీలు, ఇన్సూరెన్స్ లాంటివన్నీ కలిపి తేల్చిన అసలు రేటు అది. మూడు ఆఫర్ల ఏపీఆర్‌లూ అడిగి తీసుకోండి. 'అది తర్వాత వస్తుంది సార్' అంటే, వచ్చాకే మాట్లాడదాం అనండి.

ఇన్సూరెన్స్ వద్దని నేను అనడం లేదు. ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని జీవిత బీమా లేకుండా ఉండకూడదు. కానీ మీ ఇద్దరి పేర్లా విడివిడిగా టర్మ్ పాలసీలు తీసుకోండి. బ్యాంకు అంటగట్టే సింగిల్ ప్రీమియం పాలసీల్లో సాధారణంగా అప్పు తగ్గే కొద్దీ కవర్ కూడా తగ్గుతుంది. రేపు లోన్ ఇంకో బ్యాంకుకు మార్చుకుంటే ఆ పాలసీ సంగతి ఇంకో తలనొప్పి. టర్మ్ పాలసీకి ఏ బ్యాంకుతోనూ పని లేదు. లోన్ కావాలంటే మా ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే అనే రూలు ఎక్కడా లేదు. అలా అన్నవాళ్ళని అదే మాట మెయిల్‌లో రాయమనండి, చాలామంది అక్కడితో ఆగిపోతారు.

సంతకాల రోజు ఎలా ఉంటుందో కూడా చెప్తాను, అక్కడే జరిగిపోతుంది కాబట్టి. మీ ముందు ఒక దొంతర పెడతారు. ప్రతి పేజీలో సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. వెనక ఇంకో ఇద్దరు కస్టమర్లు వెయిటింగ్‌లో ఉంటారు. మీరు పేజీ తిప్పడం, సంతకం పెట్టడం, పేజీ తిప్పడం. ఆ దొంతర మధ్యలో ఇన్సూరెన్స్ ప్రపోజల్ ఫారం ఉంటుంది. ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ 'లేదు' అని ముందే టిక్కులు పెట్టేసి ఉంటాయి. మీకు బీపీ ఉంటే, రేపు క్లెయిమ్ దగ్గర ఆ టిక్కే అడ్డం తిరుగుతుంది. ఎంతసేపు పట్టినా సరే, ప్రతి కాగితం పైన ఏం హెడ్డింగ్ ఉందో చదివాకే సంతకం పెట్టండి. ఒకవేళ ఇప్పటికే పెట్టేసినవాళ్ళుంటే, లైఫ్ పాలసీ చేతికి అందిన 30 రోజుల్లోపు వద్దని రాసిచ్చి వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ గడువు దాటనివ్వకండి.

ఇక బిల్డర్ ఆఫీసులో కూర్చున్న అబ్బాయి. 8.25 మీద మీ ఈఎంఐ 51,124. అంటే నెలకు రెండు వేల నాలుగు వందలు ఎక్కువ. పైగా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ రెపో రూలు వర్తించదు. వాళ్ళ రేటు వాళ్ళ సొంత ప్రైమ్ లెండింగ్ రేటుకి ముడిపడి ఉంటుంది. ఆర్‌బీఐ పెంచినప్పుడు వెంటనే పెంచి, తగ్గించినప్పుడు నింపాదిగా తగ్గించే వెసులుబాటు వాళ్ళకుంది. బ్యాంకులైతే కనీసం మూడు నెలలకోసారి రేటు రీసెట్ చేయాల్సిందే.

అలాగని ఆ కంపెనీలు ఎందుకూ పనికిరావని కాదు. జీతం స్లిప్పులు లేని వ్యాపారస్తులకి, లెక్కలు సరిగా చూపించలేని చిన్న కాంట్రాక్టర్లకి, వయసు మీద పడినవాళ్ళకి వాళ్ళే దిక్కు. కానీ మీలాంటి ఫైలుకి ప్రభుత్వ బ్యాంకు 'ఇవ్వం' అని, ఆ కంపెనీ మాత్రం 'మేం ఇస్తాం' అంటే, రేటు సంగతి పక్కన పెట్టి ఆస్తి వైపు చూడండి. హైదరాబాద్‌లో ఇది చాలా మామూలు. స్టిల్ట్ ప్లస్ ఐదు ఫ్లోర్లకు పర్మిషన్ తీసుకుని పైన పెంట్‌హౌస్ వేస్తారు. ఆ పెంట్‌హౌస్‌కి ప్రభుత్వ బ్యాంకు ఇవ్వదు. ఊరి చివర గ్రామపంచాయతీ లేఅవుట్‌లో ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఫీజు కట్టని ప్లాటు మీద కట్టిన ఇంటికి ఇవ్వడానికి వెనకాడుతుంది. లింక్ డాక్యుమెంట్లలో (పాత యజమానుల దస్తావేజులు) ఒకటి మిస్సయినా, మధ్యలో జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం ఉన్నా బ్యాంకు పెట్టుకున్న ప్యానెల్ లాయరు లీగల్ ఒపీనియన్‌లో ఎర్ర గీత గీస్తాడు. అలాంటి ఆస్తికే ఇంకెవరో ఒకటిన్నర శాతం ఎక్కువకి ఇస్తున్నారంటే, ఆ అదనపు వడ్డీ డాక్యుమెంట్లలో ఉన్న లోపానికి కట్టే ధర. లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ళు వడ్డీ కట్టాక అమ్మబోతే కొనేవాడి బ్యాంకు కూడా అదే ఎర్ర గీత గీస్తుంది. కాబట్టి ప్రభుత్వ బ్యాంకు నుంచి వచ్చిన తిరస్కరణని కోపంగా కాకుండా కాస్త శ్రద్ధగా చదవండి. ఏ పాయింటు మీద వద్దన్నారో అడగండి. ప్రాసెసింగ్ ఫీజు పోయినా పర్వాలేదు, ఆ సమాచారం అంతకంటే విలువైంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి టైటిల్ క్లియర్ అనుకోవద్దు. ప్యానెల్ లాయరు బ్యాంకు కోసం చూస్తాడు, మీ కోసం కాదు. 2024లో చెరువుల ఆక్రమణల్ని కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్ (నీళ్ళు నిండే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ల గురించి అందరికీ తెలిసింది. బాచుపల్లి, నిజాంపేట, అమీన్‌పూర్ వైపంతా చెరువులే. మీ సర్వే నంబరు చెరువు మ్యాపులో ఎక్కడ పడుతుందో హెచ్‌ఎండీఏ లేక్స్ సైట్‌లో చూసుకోండి. నిషేధిత జాబితాలో లేదని రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి, ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) మీరే తీయండి, మీ డబ్బుతో మీ లాయరుకు కూడా ఒకసారి చూపించండి. ఆ ఫీజు మీ ఒక నెల ఈఎంఐ కూడా ఉండదు.

నాన్నగారి ఫిక్స్‌డ్ రేటు గురించి. ఆయన భయం అర్థమవుతుంది. 2021లో 6.8 శాతానికి 50 లక్షలు తీసుకున్నవాళ్ళని చూడండి. ఈఎంఐ 38,167. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి వెళ్ళింది, వాళ్ళ రేటు 9.3 అయింది. రెండేళ్ళు కట్టాక అసలు ఇంకా 47.5 లక్షలుంటే, నెల వడ్డీయే 36,800. ఈఎంఐ మార్చకుండా వదిలేస్తే అసలులోకి పోయేది 1,370 రూపాయలు. మిగిలిన 18 ఏళ్ళు కాస్తా దాదాపు 36 ఏళ్ళవుతాయి! చాలామందికి ఇది జరుగుతున్నట్టు తెలియనే లేదు. ఈఎంఐ మారలేదు కాబట్టి అంతా మామూలే అనుకున్నారు. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ కలగజేసుకుని, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది కస్టమర్‌ని అడగాలని చెప్పాల్సి వచ్చింది.

అయినా సరే నేను ఫిక్స్‌డ్ వైపు మొగ్గను. సాధారణంగా అది ఫ్లోటింగ్ కంటే బాగా ఎక్కువ ఉంటుంది. కొన్ని కంపెనీలవి మొదటి రెండు మూడేళ్ళే ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగే. అన్నిటికంటే ముఖ్యం, వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ వేయకూడదు, ఫిక్స్‌డ్‌కి ఆ రక్షణ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి నడిచే హక్కే మీ అసలు బలం. దాన్ని వదులుకుని కొనుక్కునే ప్రశాంతత చాలా ఖరీదు. నాన్నగారికి చెప్పండి: ఇవాళ 7.6 మీద తీసుకున్న లోన్ రేటు రేపు 9.5 అయినా ఈఎంఐ కట్టగలమా అని లెక్క వేసుకున్నాం, కట్టగలం, అందుకే ఫ్లోటింగ్ తీసుకుంటున్నాం అని. ఆ లెక్క నిజంగానే వేసుకోండి. 9.5 మీద కొత్త ఈఎంఐ 56 వేలకి దగ్గరగా వస్తుంది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆరు నెలలు లేకపోతే ఏమిటన్నది కూడా.

ఇప్పుడు బేరం ఎలా ఆడాలో. ముందు మీ క్రెడిట్ రిపోర్టులు తీయండి, ఇద్దరివీ. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. చాలా బ్యాంకులు స్ప్రెడ్‌ని స్కోరుకే కట్టేశాయి. 800 దాటినవాళ్ళకి ఒక రేటు, 750కి ఒకటి, 700కి ఇంకొకటి. జాయింట్ లోన్‌లో కొన్ని బ్యాంకులు ఇద్దరిలో తక్కువ స్కోరునే లెక్కలోకి తీసుకుంటాయి. నేను చూసినవాటిలో ఎక్కువ స్కోరు పాడైంది పెద్ద ఎగవేతల వల్ల కాదు. ఎప్పుడో వాడటం మానేసిన క్రెడిట్ కార్డు మీద యాన్యువల్ ఫీజు ఐదారు వందలు పడుంటుంది, దానిమీద లేట్ ఫీజు, ఓవర్‌డ్యూ అని నెలనెలా రిపోర్టవుతూ ఉంటుంది. లేదంటే పాత కార్డు బాకీని బేరమాడి తగ్గించి 'సెటిల్' చేసుకుని ఉంటారు, అది రిపోర్టులో మచ్చలా ఉండిపోతుంది. తప్పులుంటే లోన్‌కి అప్లై చేయకముందే సరిచేయించుకోండి. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రూలు 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆ మాట మెయిల్‌లో రాస్తే ఫైలు కదులుతుంది.

తర్వాత, పది చోట్ల అప్లై చేయకండి. ప్రతి అప్లికేషన్‌కీ మీ రిపోర్టులో ఒక ఎంక్వైరీ పడుతుంది. రెండు బ్యాంకులు చాలు. ఏజెంట్లకి పాన్ నంబరు ఇచ్చేముందు ఆలోచించండి. వాళ్ళకి కమిషన్ ఇచ్చేది లోన్ ఇచ్చే సంస్థ, కాబట్టి ఎక్కడ కమిషన్ ఎక్కువో అక్కడికే మీ ఫైలు నడుస్తుంది. కాగితాల కోసం తిరిగే ఓపిక లేనివాళ్ళకి వాళ్ళు ఉపయోగమే, కాదనను. కానీ మీకు ఏది చవకో చెప్పాల్సిన అవసరం వాళ్ళకి లేదు.

రెండు శాంక్షన్ లెటర్లు చేతికి వచ్చాక బ్రాంచ్ మేనేజర్ దగ్గరికి వెళ్ళి నోటితో అడిగితే 'కార్డు రేటు ఇంతే సార్, మా చేతిలో లేదు' అంటాడు. అది అబద్ధం కాదు. బ్రాంచ్‌లో రేటు తగ్గించే అధికారం ఉండదు, లేదా చాలా తక్కువ ఉంటుంది. కానీ పైఆఫీసుకు రాసే అధికారం ఉంటుంది. అందుకు ఆయనకి కాగితం కావాలి. మీరు ఒక పేజీ లెటర్ రాయండి: మా ఇద్దరి జీతాలు ఇవి, స్కోర్లు ఇవి, ఫలానా బ్యాంకు ఈ స్ప్రెడ్ మీద శాంక్షన్ ఇచ్చింది, కాపీ జత చేశాను, మీరు రెపో ప్లస్ 2.15 ఇస్తే మీ దగ్గరే తీసుకుంటాం, ఇద్దరి జీతం ఖాతాలూ ఇక్కడికే మారుస్తాం. ఈ లెటర్ చూశాక మేనేజర్ పని తేలికవుతుంది, ఆయన దాన్ని పైకి పంపిస్తాడు. మార్చి నెలలోనూ, ప్రతి త్రైమాసికం చివరి వారాల్లోనూ పంపితే టార్గెట్ల వేడి మీద ఉంటారు కాబట్టి మీకే మంచిది. ఫ్లాట్ మీ ఆవిడ పేరున, లేదా ఆమె మొదటి పేరుగా రిజిస్టర్ చేయిస్తే కొన్ని బ్యాంకుల్లో 0.05 శాతం తగ్గింపు ఉంటుంది, అదీ అడగండి.

ప్రాసెసింగ్ ఫీజు మాఫీ చేస్తామని ఊరిస్తారు. 60 లక్షల మీద అర శాతం అనుకుంటే 30 వేలు, జీఎస్టీతో 35,400. మంచి మొత్తమే. కానీ మీ లోన్ మీద 0.1 శాతం స్ప్రెడ్ అంటే నెలకు 366 రూపాయలు, 20 ఏళ్ళకు 88 వేలు. మీరు పదేళ్ళలో కట్టేసేవాళ్ళయితే ఆ తేడా అంత ఉండదు, రెండూ ఇంచుమించు సమానమవుతాయి. మీ లోన్ ఎన్నేళ్ళు నడుస్తుందో ఊహించుకుని ఏది అడగాలో నిర్ణయించుకోండి. రెండూ అడగొచ్చు, తప్పేం లేదు.

డబ్బు సర్దుకునే దగ్గర ఒక హెచ్చరిక. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోన్ అయితే ఆస్తి విలువలో 80 శాతం వరకే ఇస్తారు, ఆ విలువలో స్టాంప్ డ్యూటీ కలవదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, అంటే 80 లక్షల మీద 6 లక్షలు. కాబట్టి చేతి నుంచి 20 కాదు, 26 పైన పెట్టాలి. ఆ ఆరు లక్షలకి పర్సనల్ లోన్ తీసుకుందాం అనుకుంటే అది హోమ్ లోన్ డిస్బర్స్ కాకముందు మాత్రం తీసుకోకండి, మీ అర్హతా స్కోరూ రెండూ దెబ్బతింటాయి. ఓసీ వచ్చిన ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు, కట్టుబడిలో ఉన్నదైతే 5 శాతం ఉండేది. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (పన్ను) మినహాయించి కట్టాల్సిన బాధ్యత మీది.

పాత ఫ్లాట్ కొనేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, వాళ్ళకి ఒక మాట. అమ్మేవాళ్ళు 'రిజిస్ట్రేషన్ 55కి చేద్దాం, మిగతా 25 క్యాష్ ఇవ్వండి' అంటారు. అలా అయితే బ్యాంకు 55లో 80 శాతమే, అంటే 44 లక్షలే ఇస్తుంది. మిగతా అంతా మీ నెత్తినే. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర 55 అనే లెక్క, లాభం ఎక్కువ చూపించి పన్ను మీరు కడతారు. ఇవాళ స్టాంప్ డ్యూటీలో రెండు లక్షలు మిగిలిందని సంబరపడటం తప్ప ఇందులో కొనేవాడికి ఏమీ లేదు.

రిజిస్ట్రేషన్ రోజు సంగతి చిన్నదే కానీ డబ్బున్న సంగతి. బ్యాంకు అమ్మేవాళ్ళ పేర డీడీ తీశాక వడ్డీ మొదలైపోతుంది. 60 లక్షల మీద రోజుకు దాదాపు 1,250 రూపాయలు. డీడీ తీశాక ఎవరో మూఢం అని గుర్తుచేసి రిజిస్ట్రేషన్ పది రోజులు జరిపితే 12 వేలు పోయినట్టే. పంచాంగం చూడాలనుకుంటే స్లాట్ బుక్ చేసేముందే చూసుకోండి. చెక్కు మీ చేతికివ్వకుండా బ్యాంకు తన దగ్గరే పెట్టుకున్న రోజులకి వడ్డీ వేస్తే మాత్రం ఊరుకోకండి. అలా వేయడం తప్పని 2024 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ చెప్పింది, వెనక్కి ఇప్పించుకోవచ్చు.

లోన్ మొదలయ్యాక రెండు పనులుంటాయి. మొదటిది, రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకోకండి. 50 లక్షలు 8.5 మీద తీసుకుంటే ఈఎంఐ 43,391. రేటు 7.5 అయ్యాక కూడా అదే కడుతూ పోతే 20 ఏళ్ళ లోన్ 17 ఏళ్ళకి తీరిపోతుంది. మీ లోన్‌లో మొదటి నెల 48,703 కడితే అందులో 38,000 వడ్డీయే. అసలు వాటా వడ్డీ వాటాని దాటేది దాదాపు పదకొండో ఏట. అందుకే బోనస్ వచ్చినప్పుడు మొదటి ఐదారేళ్ళలో కట్టే లక్షకీ, పదిహేనో ఏట కట్టే లక్షకీ పోలిక లేదు. ఏటా ఒక ఈఎంఐ అదనంగా కట్టగలిగితే దాదాపు మూడేళ్ళు తగ్గుతాయి. పన్ను కోసం లోన్ ఉంచుకోవాలనే పాత సలహాని పట్టించుకోకండి. కొత్త పన్ను విధానంలో ఉంటే, సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. ఎమర్జెన్సీ డబ్బు చేతిలో ఉండాలి, అయినా వడ్డీ తగ్గాలి అనుకుంటే స్టేట్ బ్యాంక్ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ రకం లోన్లున్నాయి, ఖాతాలో ఉంచిన డబ్బు మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే ఆ డబ్బు తీసుకోవచ్చు. కొంచెం రేటు ఎక్కువ ఉండొచ్చు. పది లక్షలు ఎప్పుడూ ఖాతాలో పడి ఉండేవాళ్ళకి పనికొస్తుంది, నెలాఖరుకి ఖాతా ఖాళీ అయ్యేవాళ్ళకి అనవసరం.

రెండో పని ఏడాదికోసారి. కొత్త కస్టమర్లని పట్టుకోవడానికి బ్యాంకులు స్ప్రెడ్ తగ్గిస్తూ పోతాయి, పాతవాళ్ళది అలాగే వదిలేస్తాయి. మూడేళ్ళ తర్వాత మీ పక్క ఫ్లాట్ ఆయన అదే బ్యాంకులో మీకంటే అర శాతం తక్కువకి తీసుకుని ఉంటాడు. అడగందే అమ్మైనా పెట్టదు, బ్యాంకు అసలే పెట్టదు. ఏటా ఒకసారి మీ బ్యాంకు సైట్‌లో కొత్త లోన్ రేటు చూడండి. పావు శాతం కంటే తేడా ఉంటే స్ప్రెడ్ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. చాలా చోట్ల చిన్న కన్వర్షన్ ఫీజు తీసుకుని మారుస్తారు. 2025 అక్టోబర్ నుంచి, కస్టమర్‌ని నిలుపుకోవడానికి మూడేళ్ళు ఆగకుండానే స్ప్రెడ్ తగ్గించే వెసులుబాటు కూడా బ్యాంకులకి వచ్చింది, కాబట్టి 'రూల్సు ఒప్పుకోవు' అనే మాట ఇక చెల్లదు. అప్పటికీ కదలకపోతే ఇంకో బ్యాంకుకు టేకోవర్. 40 లక్షలు, 15 ఏళ్ళు మిగిలి ఉండగా 9 నుంచి 8కి మారితే నెలకు 2,345 మిగులుతుంది, మొత్తం మీద 4.2 లక్షలు. అందులోంచి కొత్త ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, ఎంఓడీ (డాక్యుమెంట్లు బ్యాంకుకి తాకట్టు పెట్టే పత్రం) స్టాంప్ డ్యూటీ తీసేసి చూసుకోండి. ఐదేళ్ళ లోపే మిగిలి ఉన్న లోన్‌కి ఈ తిరుగుడు సాధారణంగా దండగ. తమాషా ఏమిటంటే, టేకోవర్ కోసం ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) అడిగిన రోజే పాత బ్యాంకు నుంచి ఫోన్ వచ్చి రేటు తగ్గిస్తామంటారు.

ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకుకి ఇచ్చేటప్పుడు లిస్టు మీద సంతకం, స్టాంపు వేయించి తీసుకోండి. లింక్ డాక్యుమెంట్లతో సహా ప్రతి కాగితం నంబరూ అందులో ఉండాలి. లోన్ మొత్తం తీరాక 30 రోజుల్లో అవన్నీ తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి. లిస్టు లేకపోతే ఏ కాగితం ఇవ్వలేదో నిరూపించడం మీ వల్ల కాదు.

ప్రభుత్వ బ్యాంకు శాంక్షన్ లెటర్, ప్రైవేటు బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ వచ్చాక పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి స్ప్రెడ్ లైను, ఫీజుల పట్టిక ఇక్కడ పెట్టండి. మేనేజర్‌కి రాసే లెటర్‌లో ఏ అంకె అడగాలో అప్పుడు కచ్చితంగా చెప్తాను.